ఆలోచన ఆగిపోయిందా? ముందు కుర్చీలోంచి లేవండి!

డిజైన్, రచన, యానిమేషన్, ఎడిటింగ్, సంగీతం... ఇలాంటి సృజనాత్మక రంగాల్లో ఉద్యోగం కోసం ప్రయత్నించేవాళ్లు సాఫ్ట్‌వేర్లు నేర్చుకుంటారు, పోర్ట్‌ఫోలియో సిద్ధం చేసుకుంటారు. వీటన్నిటినీ మోయాల్సిన శరీరాన్ని మాత్రం మరిచిపోతారు. రోజూ కాసేపు నడవడం, పరుగెత్తడం, ఆడటం మీ పనికి ఎలా ఉపయోగపడతాయో చూద్దాం!

రాత్రి పదకొండు దాటింది. హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నాలుగు గంటలైంది. ఇంటర్వ్యూకు ముందు కంపెనీ ఇచ్చిన టాస్క్ రేపు సాయంత్రంలోగా పంపాలి. అడిగింది చిన్న పనే. ఒక టీ కొట్టుకు మూడు రకాల లోగోలు. మీరు వేసిన మొదటిది ఇంతకుముందు ఎక్కడో చూసినట్టుంది. రెండోది మొదటిదానికి తమ్ముడిలా ఉంది. మూడోది అసలు రావట్లేదు. మెడ పట్టేసింది. మణికట్టు సలుపుతోంది. ఇంకో టీ తాగి, మళ్లీ అదే కుర్చీలో, అదే తెర ముందు కూర్చున్నారు.

ఇది మీకూ అనుభవమేనా? అయితే ఒక్క ప్రశ్న. ఈ రోజు మొత్తం మీద మీరు ఎన్ని నిమిషాలు నడిచారు?

ఫైనలియర్‌కు వచ్చాక మన దినచర్యలో మొట్టమొదట కోతపడేది ఆటకే. సాయంత్రం షటిల్ మానేస్తాం. మెస్‌కు కూడా స్నేహితుడి బండి మీద వెళ్తాం. ఇంట్లోవాళ్లూ ‘ఉద్యోగం వచ్చాక ఎంతైనా ఆడుకోవచ్చులే’ అంటారు. ఆ గంట మిగిలితే పోర్ట్‌ఫోలియోకు పనికొస్తుందని మన లెక్క. కానీ ఆ లెక్క తప్పు. కొత్త ఆలోచనే పెట్టుబడిగా ఉన్న ఉద్యోగాల్లో ఆ గంట వృథా కాదు. మిగతా గంటలు పనిచేసేది దాని బలంతోనే.

నడిస్తే ఏమవుతుంది?

ఇది పెద్దవాళ్లు చెప్పే మంచి మాట మాత్రమే కాదు. దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మారిలీ ఒపెజో, డేనియల్ ష్వార్ట్జ్ 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది మీలాంటి కాలేజీ విద్యార్థులే.

పరీక్ష తేలికైనదే. రోజూ చూసే ఒక వస్తువు పేరు చెప్పి, దాన్ని ఎన్ని కొత్త రకాలుగా వాడొచ్చో చెప్పమంటారు. మన ఉదాహరణే తీసుకుందాం. కొబ్బరి చిప్పతో ఏం చేయొచ్చు? గరిటె చేయొచ్చు. గోరింటాకు కలుపుకోవచ్చు. పిట్టలకు నీళ్లు పెట్టొచ్చు. నాటకంలో రెండు చిప్పలు కొట్టి గుర్రపు డెక్కల చప్పుడు తెప్పించొచ్చు. మొదటి రెండూ అందరికీ తడతాయి. గుర్రపు డెక్కల దాకా వెళ్లేవాళ్లు కొందరే. ఉద్యోగమిచ్చేవాళ్లు వెతికేది ఆ కొందరినే.

ఇలాంటి ప్రశ్నలను కూర్చున్నప్పుడూ అడిగారు, నడుస్తున్నప్పుడూ అడిగారు. నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు సగటున 60 శాతం పెరిగాయి. చల్లగాలి, చెట్లూ చేమల వల్లే అలా జరిగి ఉంటుందనుకుంటున్నారా? గదిలో, ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినవాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. మరో ప్రయోగంలో కొందరిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి బయట తిప్పారు కూడా. చూసే దృశ్యం వల్ల వచ్చేదెంతో, నడక వల్ల వచ్చేదెంతో విడదీసి చూడటానికే ఆ ఏర్పాటు. ఆ ప్రయోగంలో కొత్త పోలికలు చెప్పమంటే, బయట నడిచినవాళ్లలో ప్రతి ఒక్కరూ కనీసం ఒక మంచి పోలిక చెప్పగలిగారు. లోపల కూర్చున్నవాళ్లలో అలా చెప్పగలిగింది సగం మందే.

మీకు బాగా పనికొచ్చే విషయం ఇంకొకటుంది. నడిచి వచ్చి కూర్చున్నాక కూడా ఆ చురుకు కొంతసేపు నిలిచింది. అంటే నడుస్తూ పరీక్ష రాయలేకపోయినా, నడిచి వెళ్లి రాయొచ్చన్నమాట!

అన్నిటికీ ఒకటే మందు కాదు

ఇక్కడ తొందరపడకండి. అదే అధ్యయనంలో ఇంకో రకం పరీక్ష కూడా పెట్టారు. మూడు మాటలిచ్చి, మూడింటికీ అతికే ఒకే మాట చెప్పమంటారు. తెలుగులో అయితే ఇలా ఉంటుంది: కొబ్బరి, మంచి, వేడి. మూడింటి పక్కనా చేరే మాట ఏది? ‘నీళ్లు’. దీనికి జవాబు ఒక్కటే. ఇలాంటి ప్రశ్నల్లో నడుస్తున్నవాళ్లు కూర్చున్నవాళ్లకంటే కాస్త వెనకబడ్డారు.

దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? సృజనాత్మకమైన ప్రతి పనిలోనూ రెండు దశలుంటాయి. మొదటి దశలో నోటికొచ్చినవి, మనసుకు తోచినవి అన్నీ పోగేసుకోవాలి. రెండో దశలో వాటిలోంచి ఒకటి ఎంచుకుని, చెక్కి, తప్పులు దిద్ది, పూర్తి చేయాలి. మొదటి దశకు కాళ్లు కావాలి. రెండో దశకు కుర్చీ కావాలి. మనలో చాలామంది మొదటి దశ పని కూడా కుర్చీలోనే చేయాలని చూస్తాం. టీ కొట్టు లోగో దగ్గర మీరు ఇరుక్కున్నది అక్కడే. మరోవైపు కొందరు ఆలోచన కోసమంటూ తిరుగుతూనే ఉంటారు, కూర్చుని పూర్తి చేయరు. రెండూ నష్టమే.

నవల రాయడానికి పరుగెందుకు?

జపాన్ రచయిత హరుకి మురకామి పేరు మీరు వినే ఉంటారు. రచయిత కాకముందు ఆయన టోక్యోలో భార్యతో కలిసి ఒక జాజ్ బార్ నడిపేవాడు. మొదటి నవల 1979లో వచ్చింది. తర్వాత బార్ అమ్మేసి పూర్తికాలం రచనకు కూర్చున్నాడు. అప్పుడే అసలు సమస్య మొదలైంది. పొద్దస్తమానం కూర్చునే పని. ఒళ్లు పెరగసాగింది. రోజుకు 60 సిగరెట్లు. ఇలాగైతే ఎంతకాలం రాయగలనని తనను తాను ప్రశ్నించుకున్నాడు. 1982లో, 33 ఏళ్ల వయసులో పరుగు మొదలుపెట్టాడు. సిగరెట్ మానేశాడు.

మరుసటి ఏడాదే గ్రీస్ వెళ్లి ఏథెన్స్ నుంచి మారథాన్ ఊరి దాకా ఎండలో పరుగెత్తాడు. 1996లో హొక్కైడోలో ఒకే రోజు 100 కిలోమీటర్ల పందెం పూర్తి చేశాడు. నవల రాసే రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి అయిదారు గంటలు రాయడం, తర్వాత పది కిలోమీటర్ల పరుగో, 1500 మీటర్ల ఈతో, రాత్రి తొమ్మిదికల్లా పడక. నెలల తరబడి ఇదే దినచర్య.

పరుగు గురించి 2007లో ఆయన ఒక పుస్తకమే రాశాడు. నవలాకారుడికి ఏమేం కావాలో అందులో చెప్పాడు. మొదటిది ప్రతిభ, రెండోది ఏకాగ్రత, మూడోది దమ్ము. ప్రతిభ పుట్టుకతో వచ్చేది కావచ్చు. మిగతా రెండూ సాధనతో పెంచుకోవచ్చంటాడు. ఉద్యోగానికి సిద్ధమవుతున్న మీరు గుర్తుంచుకోవాల్సింది ఈ మాటే. ‘నాకు ప్రతిభ ఉందా లేదా’ అన్న బెంగతో రాత్రులు గడిపేవాళ్లు ఎందరో! అది మీ చేతిలో లేని విషయం. ఏకాగ్రత, దమ్ము మాత్రం ఈ సాయంత్రం నుంచే పెంచుకోవచ్చు.

కోడ్ రాసేవాళ్లకు వర్తించదా?

‘నేను సీఎస్‌ఈ, నాకు కళలతో పనేంటి?’ అనుకుంటున్నారా? అలన్ ట్యూరింగ్ సంగతి వినండి. మీ సిలబస్‌లో ఉన్న ట్యూరింగ్ మెషీన్ ఆయనదే. కేంబ్రిడ్జిలో ఉన్నప్పుడు మధ్యాహ్నాలు నది వెంట దూరాలు పరుగెత్తడం ఆయనకు అలవాటు. ఆ యంత్రానికి మూలమైన ఊహ 1935 వేసవిలో, గదిలో పుస్తకాల ముందు కాదు, ఊరి పక్క పచ్చిక బయల్లో పడుకుని ఉండగా తట్టిందని ఆయన జీవితచరిత్ర చెబుతోంది. 1947లో ఆయన మారథాన్‌ను 2 గంటల 46 నిమిషాల 3 సెకన్లలో పూర్తి చేశాడు. మరుసటి ఏడాది లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన పరుగుకూ దీనికీ తేడా 11 నిమిషాలే!

పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ పరుగెత్తేవాడు కాదు, ఆరోగ్యం అంతంతమాత్రం. కానీ ఇంటి వెనక ఇసుక, కంకర పోసిన ఒక బాట వేయించుకున్నాడు. దాని చుట్టూ రోజూ నడిచేవాడు. ఎన్ని చుట్లు పూర్తయ్యాయో గుర్తుండటానికి కొన్ని రాళ్లు కుప్పగా పెట్టుకుని, చుట్టుకొకటి కాలితో తన్నేసేవాడట. ఒలింపిక్ స్థాయి దేహదారుఢ్యం అక్కర్లేదు, రాళ్లు లెక్కపెట్టుకుంటూ నడిచినా చాలనడానికి ఆయనే సాక్ష్యం.

మన కళలు ఎప్పుడో చెప్పాయి

నిజానికి కళ వేరు, కసరత్తు వేరు అన్న ఆలోచన మన దగ్గర పుట్టింది కాదు. బుర్రకథ గుర్తు తెచ్చుకోండి. కథకుడి భుజాన తంబురా, కాళ్లకు గజ్జెలు. అడుగులు వేస్తూ, పాడుతూ, మధ్యలో వచనం చెబుతూ గంటల తరబడి జనాన్ని కదలకుండా కూర్చోబెట్టాలి. పక్కన గుమ్మెటలు వాయిస్తూ ఇద్దరు వంతలు. మైకులు అంతగా లేని రోజుల్లో ఊరి చివర కూర్చున్నవాడికీ వినపడాలి. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ ఈ కళకు పెట్టింది పేరు. ఊపిరి చాలకపోతే అంత కథా గొంతులోనే ఆగిపోతుంది.

కూచిపూడి చూడండి. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, తాళం తప్పకుండా చేసే తరంగం చూసి చప్పట్లు కొడతాం. ఆ పాదాల వెనక అరమండిలో నిలబడి తొడలు వణికిన రోజులు ఎన్నున్నాయో మనకు కనపడదు. పైగా సంప్రదాయ కూచిపూడి నటుడు ఆడటమే కాదు, మాట్లాడాలి కూడా. భామాకలాపంలో సత్యభామ అలకా, గర్వం మాటలోనూ పలకాలి. ఆట వల్ల వచ్చిన ఆయాసం ఆ మాటలో వినపడకూడదు. సత్యభామ పాత్రతో పేరు పొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ లాంటివాళ్లు సాధించింది అదే. అక్కడ వ్యాయామం కళకు తోడు కాదు, కళలోనే భాగం.

మీ రంగం ఏదైనా ఇదే సూత్రం. వీడియోగ్రాఫర్ కెమెరా మోస్తూ పెళ్లి మండపంలో పది గంటలు నిలబడాలి. సౌండ్ ఇంజినీర్ తెల్లవార్లూ చెవులు అప్పగించి కూర్చోవాలి. వీఎఫ్‌ఎక్స్ స్టూడియోలో విడుదల తేదీ దగ్గరపడితే రోజులూ రాత్రులూ కలిసిపోతాయి. వీళ్లందరికీ మొదటి పనిముట్టు శరీరమే.

లోపల జరిగేదేమిటి?

కదిలినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, మెదడుకు రక్తం ఎక్కువగా అందుతుంది. నాడీకణాల ఎదుగుదలకు తోడ్పడే బీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ స్థాయి పెరుగుతుంది. జ్ఞాపకశక్తికి కీలకమైన భాగం మెదడులో హిప్పోక్యాంపస్. అమెరికాలో 120 మంది పెద్ద వయసువాళ్ల మీద జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిపాటు క్రమం తప్పకుండా వేగంగా నడిచినవాళ్లకు ఆ భాగం పరిమాణం సుమారు 2 శాతం పెరిగింది. కేవలం ఒళ్లు సాగదీసే కసరత్తులు చేసినవాళ్లకు అది తగ్గింది. వాళ్లు పెద్దవాళ్లు కాబట్టి అదే అంకెను మీకు అంటగట్టలేం. కానీ కాళ్ల కదలికకూ మెదడుకూ లంకె గట్టిదేనని అర్థమవుతోంది కదా.

ఇంతకంటే ముఖ్యమైనది మనసు సంగతి. సృజనాత్మక రంగాల్లో తిరస్కారం రోజువారీ వ్యవహారం. పది చోట్లకు పోర్ట్‌ఫోలియో పంపితే ఎనిమిది చోట్ల నుంచి జవాబే రాదు. తొమ్మిదో చోట ‘చూస్తాం’ అంటారు. వారం రోజులు కష్టపడి వేసిన బొమ్మను అర నిమిషంలో పక్కన పెట్టేస్తారు. దాన్ని మనసుకు తీసుకుని గదిలో ముడుచుకుపోతే పదకొండో చోటికి పంపే ధైర్యం పోతుంది. క్రమం తప్పని వ్యాయామం ఆందోళననూ, దిగులునూ తగ్గిస్తుందనీ, నిద్రను మెరుగుపరుస్తుందనీ వైద్యులు చెబుతూనే ఉన్నారు. తిరస్కారాన్ని వ్యాయామం ఆపదు. మర్నాడు మళ్లీ పనికి కూర్చునే ఓపికనిస్తుంది. అయితే దిగులు వారాల తరబడి వదలకపోతే నడకతో సరిపెట్టుకోకండి. డాక్టర్‌నో, కౌన్సెలర్‌నో కలవండి.

చెయ్యి పాడైతే పోర్ట్‌ఫోలియో ఏది?

ఇరవై రెండేళ్లకే మణికట్టు నొప్పి, మెడనొప్పి తెచ్చుకుంటున్నవాళ్లు కనిపిస్తున్నారు. హాస్టల్ మంచం మీద బోర్లా పడుకుని ల్యాప్‌టాప్ వాడటం, భోజనాల బల్ల ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఎనిమిది గంటలు ఎడిటింగ్ చేయడం, ఒకే వేలితో ఫోన్ మీద బొమ్మలు వేయడం... ఇవన్నీ మెల్లగా దెబ్బతీస్తాయి. బొమ్మలేసే చెయ్యి మొద్దుబారితే ఏ సాఫ్ట్‌వేర్ కోర్సూ ఆదుకోదు.

• అరగంటకోసారి లేవండి. రెండు నిమిషాలు చాలు. నీళ్ల సీసా పక్కన పెట్టుకోవద్దు, దూరంగా పెట్టండి. దాహం వేసినప్పుడల్లా లేవాల్సి వస్తుంది.
• 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. కళ్లకు విశ్రాంతి.
• ల్యాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి తెరను కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి. విడిగా కీబోర్డు, మౌస్ వాడండి.
• భుజాలు, మణికట్లు, మెడ నెమ్మదిగా తిప్పండి. విరుపులొద్దు.
• వేళ్లు తిమ్మిరెక్కడం, రాత్రిపూట చెయ్యి నొప్పితో మెలకువ రావడం లాంటివి ఉంటే వాయిదా వేయకుండా డాక్టర్‌కు చూపించుకోండి.

ఎంత చేస్తే సరిపోతుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థాయి వ్యాయామం చేయాలి. పరుగులాంటి తీవ్రమైనదైతే 75 నుంచి 150 నిమిషాలు. దీంతోపాటు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే కసరత్తులుండాలి. 150 నిమిషాలంటే భయపడకండి. రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు, అంతే.

మధ్యస్థాయి అంటే ఏమిటో తెలుసుకోవడానికి యంత్రాలక్కర్లేదు. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. హాయిగా పాట పాడగలుగుతున్నారంటే కాస్త వేగం పెంచాలి!

జిమ్‌కు డబ్బులు లేవా? అవసరమూ లేదు. సూర్య నమస్కారాలు, బస్కీలు, దండీలు, తాడాట, మెట్లెక్కడం... వీటిలో దేనికీ ఫీజు లేదు. కబడ్డీ, షటిల్ అయితే స్నేహితులూ కలుస్తారు. అమ్మాయిలకు హాస్టల్ గేటు వేళలు, బయటి భద్రత అనే చిక్కులు నిజంగానే ఉంటాయి. డాబా, కారిడార్, కాలేజీ మైదానం, గదిలో పాట పెట్టుకుని ఇరవై నిమిషాల డ్యాన్స్... వీలైన చోట మొదలుపెట్టండి. ఖాళీ గోడ ముందు నడిచినవాళ్లకూ ఆలోచనలు పెరిగాయని ఇంతకుముందే చదివారు కదా. నడవడం వీలుకాని వారు తమ శరీరానికి తగిన వ్యాయామాన్ని ఫిజియోథెరపిస్ట్‌ను అడిగి ఎంచుకోవచ్చు. ఉబ్బసం, గుండె సమస్యలుంటే డాక్టర్ సలహా తీసుకునే మొదలుపెట్టాలి. ఎండాకాలంలో పొద్దెక్కకముందే ముగించండి.

మొదటి అడుగే కష్టం

ఇదంతా మీకు తెలియక కాదు. తెల్లవారి అలారం మోగినప్పుడు చెయ్యి దాని నోరు నొక్కేస్తుంది, అదే సమస్య. అమెరికన్ నృత్య దర్శకురాలు ట్వైలా థార్ప్ దీనికి ఒక కిటుకు చెప్పింది. ఆమె తెల్లవారి అయిదున్నరకు లేచి, టాక్సీ ఎక్కి జిమ్‌కు వెళ్లి రెండు గంటలు కసరత్తు చేసేది. అయితే తన నియమం ఆ రెండు గంటల కసరత్తు కాదనీ, టాక్సీ ఎక్కడమేననీ 2003లో వచ్చిన తన పుస్తకంలో రాసింది. టాక్సీ ఎక్కి ఎక్కడికి వెళ్లాలో డ్రైవర్‌కు చెప్పేస్తే ఆ రోజు పని అయిపోయినట్టే. మిగతాది దానంతటదే జరుగుతుంది.

మీ ‘టాక్సీ’ ఏమిటో మీరే ఎంచుకోండి. రాత్రి పడుకునేముందు బూట్లు తలుపు దగ్గర పెట్టడం కావచ్చు. ‘ఆరింటికి గేటు దగ్గరుంటా’ అని స్నేహితుడికి మాటివ్వడం కావచ్చు. గంట వ్యాయామం చేయాలని ఒట్టు పెట్టుకోవద్దు. గేటు దాటాలని మాత్రమే పెట్టుకోండి.

ఇలా అమలు చేయండి

• ప్రశ్నను వెంట తీసుకెళ్లండి. ‘టీ కొట్టు అంటే గుర్తొచ్చేవి ఏమిటి?’ అని ఒక్క ప్రశ్న పెట్టుకుని బయల్దేరండి. ఊరికే నడిస్తే ఒళ్లు బాగుపడుతుంది, ప్రశ్నతో నడిస్తే పనీ సాగుతుంది.
• ఫోన్ జేబులోనే ఉంచండి. రీల్స్ చూస్తూ నడవడం నడక కాదు. ఆలోచన తడితే పక్కకు ఆగి, వాయిస్ రికార్డర్‌లో నాలుగు ముక్కలు చెప్పి మళ్లీ నడవండి. ట్రాఫిక్ ఉన్న రోడ్డు ఈ పనికి పనికిరాదు.
• మంచిదా చెడ్డదా అని దారిలో తీర్పు చెప్పకండి. పోగేయడమే అక్కడి పని. తీర్పు గదికొచ్చాకే.
• రాగానే కూర్చోండి. చురుకు ఇంకా ఉంటుంది. పదిహేను నిమిషాల్లో తట్టినవన్నీ కాగితం మీద పెట్టి, మూడు ఎంచుకోండి. ఆ తర్వాత కదలకుండా పూర్తి చేయండి.
• వారం రోజులు లెక్క రాయండి. ఒకరోజు కూర్చుని, ఒకరోజు నడిచి, పది నిమిషాల్లో ఎన్ని ఆలోచనలు వచ్చాయో రాసుకోండి. వేరేవాళ్ల అధ్యయనం కంటే మీ నోట్‌బుక్కే మిమ్మల్ని బాగా ఒప్పిస్తుంది.

పరీక్ష రోజున, ఇంటర్వ్యూలో...

యూసీడ్, ఎన్‌ఐడీ, నిఫ్ట్ ప్రవేశ పరీక్షలకు సిద్ధమయ్యేవాళ్లకు కొత్తగా ఆలోచించమనే ప్రశ్నలూ వస్తాయి, ఒకే జవాబున్న ప్రశ్నలూ వస్తాయి. హాల్లోకి వెళ్లేముందు చివరి నిమిషం దాకా గేటు పక్కన నోట్సు తిరగేసే బదులు ఓ పది పదిహేను నిమిషాలు ఆ ప్రాంగణం చుట్టూ నడవండి. ఆయాసం వచ్చేలా మాత్రం కాదు. అలవాటు లేకుండా ఆ ఒక్కరోజే పరుగులు పెడితే అలసటే మిగులుతుంది.

ఇంటర్వ్యూలో ‘ఆలోచన రాకపోతే ఏం చేస్తారు?’ అని అడగొచ్చు. ‘ఇంకా కష్టపడతాను సార్’ అని చాలామంది చెబుతారు. మీరు పని చేసే తీరును చెప్పండి. ‘ఇరవై నిమిషాలు ప్రశ్నతో నడుస్తాను. తట్టినవన్నీ రికార్డు చేసుకుంటాను. వచ్చాక కూర్చుని మూడు ఎంచుకుంటాను. ఈ పోస్టర్ అలా వచ్చిందే’ అంటూ పోర్ట్‌ఫోలియోలో ఒక పేజీ చూపించండి. అదృష్టం మీద కాకుండా పద్ధతి మీద ఆధారపడే మనిషని ఎదుటివాళ్లకు అర్థమవుతుంది. కాకపోతే నిజంగా చేసి ఉంటేనే చెప్పండి. రెజ్యూమేలో హాబీల దగ్గర ‘ఫిట్‌నెస్’ అని ఊరికే రాసుకుంటే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

చివరగా ఒక హెచ్చరిక. నడక బొమ్మ గీయదు, పరుగు కథ రాయదు. పది కిలోమీటర్లు పరుగెత్తే ముందు మురకామి అయిదారు గంటలు బల్ల ముందు కూర్చునేవాడన్నది మరవొద్దు. నైపుణ్యం సాధనతోనే వస్తుంది. ఆ సాధనను ఏళ్ల తరబడి మోయగలిగే ఒంటినీ, మనసునూ తయారుచేసుకోవడమే మనం చెప్పుకున్నది. మొదటి ఉద్యోగం మీ చదువు చూసి రావచ్చు. పదేళ్ల తర్వాత కూడా అదే రంగంలో, అదే ఇష్టంతో ఉండాలంటే మాత్రం దమ్ము కావాలి.

ఇక ఆ టీ కొట్టు లోగో సంగతి. రాత్రి మూడింటి దాకా కుర్చీని పట్టుకుని వేలాడకండి. ఇప్పుడు పడుకోండి. పొద్దున్నే లేచి, అదే ప్రశ్నను జేబులో వేసుకుని నాలుగు వీధులు తిరగండి. దారిలో నిజమైన టీ కొట్టు ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. గాజు గ్లాసు అంచున నిలిచిన నురగ, ఎత్తు నుంచి పోస్తుంటే సాగే టీ ధార, సైకిలుకు వేలాడే ఫ్లాస్కు... మూడో లోగో అక్కడ మీ కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు.